భారీ వాన, గొప్ప వాన

ఈ వారం పేపర్లో ఒక్క పేజీలోనే భారీ వర్షం, భారీ ర్యాలీ, భారీ బందోబస్తు, భారీ చోరీ, భారీ ఊరట. వర్షం సంగతి సరే. ఊరట భారీగా ఉండటమేమిటి? బరువు దిగితేనే కదా ఊరట! ‘ఉద్రిక్తత నెలకొంది’ మీదా, సినిమా తారలు వచ్చి ‘సందడి చేయడం’ మీదా నాకున్న పగ ఈ కాలమ్ పాతకాపులకు తెలిసిందే. ఆ జాబితాలో దీన్నీ చేర్చుకోండి.

పాత పత్రికల్లో ఈ చోటు ‘గొప్ప’ది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల నాటి భాషలో జనం బాగా వస్తే గొప్ప సభ, గాలి గట్టిగా వీస్తే గొప్ప గాలివాన. అది మెచ్చుకోలు కాదు, కొలత. ఇవాళ ఎవరైనా ‘గొప్ప అగ్నిప్రమాదం’ అని రాస్తే డెస్కులో నవ్వులే నవ్వులు. అయినా ఆ అర్థం మన నోళ్లలో పూర్తిగా చావలేదు. ‘గొప్పింటి సంబంధం’ అన్నప్పుడు వాళ్ల గుణగణాలు ఎవరు చూస్తారు, ఎకరాలే కదా!

ఆ ‘గొప్ప’ను మళ్లీ పిలుచుకుందామని రాయడానికే కూర్చున్నాను. తాతయ్య అడ్డొచ్చారు.

నా చిన్నప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. పక్కింటి రైతు వినేవాడు. వరసకు బావ. ఎక్కడో వాన పడిందన్న వార్త రాగానే ఆ రైతుది ఒకటే ప్రశ్న: “చెరువు నిండి అలుగు పారిందా బావా?” పేపర్లో ఆ ముక్క ఉండేది కాదు. గొప్ప వర్షం అని మాత్రం ఉండేది. “అసలుది చెప్పకుండా ఈ పేపరెందుకు బావా” అనేవాడాయన. తాతయ్య దగ్గర జవాబు ఉండేది కాదు, పేజీ తిప్పేసేవారు.

రైతుల దగ్గర మాటలకు కొరతా? దుమ్ము అణిచే చినుకులు వేరు, విత్తనానికి పదునిచ్చే వాన వేరు. వదలని ముసురు వేరు, జడివాన వేరు, కుండపోత వేరు. తాతయ్య ఊళ్లో చెరువు అలుగు పారితే, తెలంగాణలో మత్తడి దూకుతుంది. ఏ మాట పట్టుకున్నా దాని వెనక కంటికి కనబడే గుర్తొకటి ఉంటుంది. మరీ పెద్ద ఉపద్రవానికైతే విశేషణమే పెట్టేవాళ్లు కాదు. 1876లో మొదలైన కరువుకు ఆ ఏటి పేరే పెట్టి ధాత కరువన్నారు. 1977 నవంబరు 19న 10,000 మందికి పైగా ప్రాణాలు తీసిన దాన్ని దివిసీమలో ‘ఉప్పెన’ అంటే చాలు, ముందు ఇంకో మాట తగిలించక్కర్లేదు.

అలా చూస్తే ‘గొప్ప’ కూడా ఒళ్లు వంచని మాటే. పాతబడింది కాబట్టి మనకు ముద్దొస్తోంది, అంతే.

ఇంకా చిత్రమేమంటే, ఇద్దరిలో కాస్త నిజాయితీ ఉన్నది ‘భారీ’కే. వాతావరణ శాఖ దానికి హద్దులు గీసింది. ఉదయం 8.30కి చూసే లెక్కలో, అంతకు ముందు 24 గంటల వాన 64.5 మిల్లీమీటర్లకు చేరితే భారీ. 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 60 మిల్లీమీటర్లకే మీ వీధి మునిగిపోవచ్చుగాక, వాళ్ల లెక్కలో అది మోస్తరు వానే. మన పత్రికల్లో తిరిగే విశేషణాల్లో ఇంత కచ్చితమైన కొలత ఇంకోదానికి ఉన్నట్టు నాకు తెలీదు. అంచేత ‘గొప్ప’ను పాత సంచికల్లోనే ఉండనిద్దాం.

డెస్కు మిత్రులకు ఒక మనవి. వానకు ‘భారీ’ని ఉంచండి, పక్కన మిల్లీమీటర్లు కూడా వేయండి. వీలైతే ఏ చెరువు అలుగు పారిందో రాయండి. మిగతా చోట్ల కొట్టేయండి. ర్యాలీకి ఎంతమంది వచ్చారో, చోరీలో ఎంత సొమ్ము పోయిందో చెబితే చాలు, అది భారీయో కాదో మేం చూసుకుంటాం.