కుప్పింట వేరు, పిల్లి ముక్కు

స్టేషన్ ఘన్‌పూర్ కాజీపేట - సికింద్రాబాద్ రైలు దారిలోని ఊరు. వానలు పడ్డాక ఇక్కడ గోడల వారన, పెంటకుప్పల పక్కన, పత్తి చేల గట్ల మీద కుప్పింటాకు లేస్తుంది. ఆముదం కుటుంబపు కలుపు మొక్క. లినేయస్ 1753లోనే దీనికి అకాలిఫా ఇండికా అని పేరు పెట్టాడు. కంకి అడుగున దొన్నెల్లాంటి పచ్చటి రేకుల్లో ఆడపూలు, పైన మగపూలు. అంత పొందిక ఉన్నా దాన్ని వంగి చూసేవాళ్లు తక్కువ.

దాని అసలు పనితనం మన్ను కింద ఉంది. ఆకును పిల్లి పట్టించుకోదు. మొక్కను పెకిలించి వేరు విరిచి ముందు పడేయండి. వాసన చూస్తుంది, నాకుతుంది, కొరుకుతుంది. ఆనక గడ్డం, చెంపలు, నుదురు దానికేసి రుద్ది వెల్లకిలా పొర్లుతుంది. నోట్లోంచి చొంగ. చూసినవాళ్లు పూనకమనో ఫిట్సనో హడలిపోతారు. ఫిట్స్ అయితే కాళ్లు బిగుసుకుంటాయి, పిలిచినా తెలివి ఉండదు, అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. వేరు మీది పిల్లి పిలిస్తే చెవి తిప్పుతుంది. తమిళులు ఈ మొక్కను పూనైవణంగి అన్నారు, పిల్లి వంగి మొక్కే మొక్క. ఆ పేరు పెట్టినవాళ్ల చూపుకు నేనూ మొక్కుతాను.

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ వేరులోంచి ఐసోడైహైడ్రోనెపెటాలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్ అనే రెండు పదార్థాలను పట్టుకున్నారు. నోరు తిరగని పేర్లే గానీ, విదేశాల్లో పిల్లుల్ని పొర్లించే క్యాట్‌నిప్ ఆకులోని పదార్థానికి ఇవి దగ్గరి చుట్టాలు. క్యాట్‌నిప్‌కైనా అన్ని పిల్లులూ లొంగవు. మూడింట ఒక వంతు ఊరికే చూసి పోతాయి. ఆ గుణం పుట్టుకతో వచ్చేదే. నెలల కూనలకైతే అది ఇంకా పట్టుబడదు.

ఆ కొరకడం ఆకలి కాదు. జపాన్‌లోని ఇవాతె విశ్వవిద్యాలయం వారు, పిల్లుల్ని ఇలాగే పొర్లించే మతతాబి తీగ ఆకులతో చూశారు. పిల్లి నలిపి చింపిన ఆకు నుంచి ఘాటు పదింతలకు పైగా లేచింది. మనం పసరుకు ఆకును రోట్లో నూరినట్టు అది పళ్లతో, నాలుకతో నూరుతుందన్నమాట. నూరినదాన్ని ముఖానికి పూసుకుంటుంది. ఆ పూతున్న పిల్లి తల మీద దోమలు తక్కువ వాలాయని వాళ్లే 2021లో చూపారు. అలా రుద్దుకున్నప్పుడు పిల్లి రక్తంలో హాయినిచ్చే బీటా ఎండార్ఫిన్ పెరిగింది. దాని పనిని అడ్డుకునే మందిస్తే రుద్దడం ఆగింది. మొక్క పురుగుల్ని తరమడానికి కూర్చుకున్న సరుకును పిల్లి పూతగా వాడుకుంటోంది, కూలి కింద కాస్త హాయి. కుప్పింట వేరూ దోమల్ని ఇలాగే తోలుతుందని మాత్రం ఇంకా అనలేం.

పది పదిహేను నిమిషాలకు పొర్లడం ఆగుతుంది. పిల్లి లేచి ఒళ్లు విదిల్చి, పక్క నాక్కుని, గడప దిగిపోతుంది. వేరు అక్కడే ఉంటుంది. కాసేపటి దాకా ముక్కు దగ్గర పెట్టినా దాన్ని ఎరగనట్టే చూస్తుంది.