ఎన్ని సెకన్లకు ఆగింది?

విజయవాడ ఆటోనగర్‌లో ‘స్టార్టయి ఆగిపోతోంది’ అని లారీ వస్తే మేస్త్రీ వెంటనే పానా అందుకోడు. ముందు డ్రైవర్ని మాటల్లో పెడతాడు. “టక్కున ఆగిందా బాబాయ్, దగ్గి దగ్గి ఆగిందా?” దగ్గి ఆగితే డీజిల్ లైన్లో గాలి చేరిందేమోనని చూస్తాడు. టక్కున ఆగితే వైరింగ్ వైపు తిరుగుతాడు. బండి మీద చెయ్యి పడకముందే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

1960ల్లో మొదలై లారీ బాడీలకు పేరుబడ్డ జవహర్ ఆటోనగర్‌లో ఈ విద్యను పలకా బలపం పెట్టి ఎవరూ చెప్పరు. షెడ్డులో చేరిన కుర్రాడు సామాను అందిస్తూ, చెవులు రిక్కించి నేర్చుకోవాల్సిందే. ఇది లారీకే కాదు, ఇంట్లో కొత్తగా బిగించుకున్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌కీ పనికొస్తుంది.

పటమట కుర్రాడొకడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి విడిభాగాలు తెచ్చి, రాత్రంతా కూర్చుని బిగించి, బటన్ నొక్కాడనుకుందాం. ఫ్యాన్లు గిర్రుమన్నాయి, ఆగిపోయాయి. బోర్డు కాలిపోయిందేమోనని వాడి గుండె జారుతుంది. మేస్త్రీ పక్కనుంటే అడిగేది ఒక్కటే: ఎన్ని సెకన్లకు?

ఫ్యాన్ ఇలా కదిలి అలా ఆగితే మొదటి అనుమానం షార్ట్ మీదే. కరెంటు హద్దు మీరితే పవర్ సప్లై తనంతట తానే ఆపేసుకుంటుంది. ఆగిపోవడమంటే పాడైపోవడం కాదు, చాలాసార్లు కాపాడుకోవడం. లారీకి ఛాసిస్ ఎలా ఎర్తో, కంప్యూటర్‌కి ఇనప క్యాబినెట్ అలాగే. మదర్‌బోర్డు క్యాబినెట్‌కి ఆనకుండా కింద చిన్న ఇత్తడి కాళ్లు బిగిస్తారు. బోర్డులో రంధ్రం లేనిచోట ఒక కాలు మిగిలిపోతే అది వెనకున్న టంకాలకు తగులుతుంది. లారీలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినట్టే.

సరిగ్గా నాలుగైదు సెకన్లకు, ప్రతిసారీ అదే లెక్కన ఆగుతుంటే బటన్ మీద కన్నేయాలి. పవర్ బటన్ని 4 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే యంత్రం ఆగిపోవాలన్నది కంప్యూటర్లలో పెట్టిన ఏర్పాటు. కొత్త క్యాబినెట్‌లో బటన్ లోపలే ఇరుక్కుపోతే ఎవరో వేలితో నొక్కి పట్టుకున్నట్టే ఉంటుంది. బోర్డు నుంచి ఆ స్విచ్ వైరు పీకి, అది తగిలించి ఉన్న బోర్డు పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే నిజం తేలుతుంది.

పది, ఇరవై, ముప్పై సెకన్లు నడిచి ఆగితే వేడి. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతుంది. కూలర్ కిందున్న ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయి బిగించినవాళ్లు తక్కువేం కాదు.

ఆగుతూ, తనే లేస్తూ, మళ్లీ ఆగుతుంటే ర్యామ్ సరిగ్గా కూర్చుందా, ప్రాసెసర్ పక్కనున్న ఎనిమిది పిన్నుల ప్లగ్గు పూర్తిగా దిగిందా చూడాలి. డీడీఆర్5 ర్యామ్ అయితే కాస్త ఓపిక పట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ని పరీక్షించి తనకు అనువుగా సర్దుకుంటుంది. అందుకు కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఈలోగా తెర నల్లగానే ఉంటుంది.

సెకన్ల లెక్కతో తేలకపోతే రెండో విద్య. లారీలో ఫ్యూజు పదేపదే పోతుంటే ఆటో ఎలక్ట్రీషియన్ ఫ్యూజు స్థానంలో బల్బు తగిలిస్తాడు. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. ఒక్కో లైనూ విప్పుకుంటూ పోతే ఏ వైరు పీకినప్పుడు బల్బు ఆరిందో తప్పు ఆ వైపే. కంప్యూటర్‌తోనూ అంతే. బోర్డుని క్యాబినెట్ నుంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టాలి. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, పవర్ సప్లై, అంతే. అక్కడ నిలబడితే తప్పు క్యాబినెట్‌లోనో, విప్పేసిన సామానులోనో ఉన్నట్టు. ఒక్కోటీ కలుపుతూ, కలిపినప్పుడల్లా ఆన్ చేసి చూడాలి. రెండు కలిపితే లెక్క చెడుతుంది.

మీటర్ని గుడ్డిగా నమ్మకపోవడం ఈ విద్యలో మూడోది. తుప్పు పట్టిన జాయింటు కూడా మీటర్‌కి 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు తగిలించి బరువు మోయిస్తే గుట్టు బయటపడుతుంది. పవర్ సప్లై ఆకుపచ్చ వైరుని నల్ల వైరుతో కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది. అయితే అది ఖాళీ బండి నడవడమే. బరువు మీద ఉన్నప్పుడు పసుపు వైరులో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉంటేనే సరుకు మంచిదనాలి. అనుమానమొస్తే వేరే సప్లై పెట్టి చూడాలే తప్ప డబ్బా విప్పకూడదు. లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు పీకాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక లారీ పనిలో స్కానర్ లేనిదే గడవడం లేదు. కొత్త మదర్‌బోర్డుల మీదా తప్పు ఎటుందో చూపే చిన్న లైట్లు ఉంటున్నాయి. అవి చూపేది వీధి వరకే, ఇల్లు వెతుక్కోవాల్సింది మనిషే. ర్యామ్ లైటు వెలిగినంత మాత్రాన ర్యామ్ పోయినట్టు కాదు. స్లాటులో దుమ్మో, సాకెట్లో వంగిన పిన్నో కావచ్చు. ఈ వెతుకులాట తెలియక మంచి బోర్డునే మార్చేసి వేలు పోసినవాళ్లున్నారు.

పటమట కుర్రాడి బోర్డు అట్టపెట్టె మీద బాగానే నడిచింది. క్యాబినెట్లో వేలు పెట్టి తడిమితే, ఉండకూడని చోట ఒక ఇత్తడి కాలు. దాన్ని విప్పి, బోర్డు మళ్లీ బిగించి, గోడ స్విచ్ వేసి, బటన్ నొక్కాడు. ఒకటి, రెండు, మూడు... ఐదు దాటింది. పది దాటింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కుర్రాడు మాత్రం ముప్పై దాకా లెక్క ఆపలేదు.