ఆరె పట్టిన పిట్ట

గిజిగాడి గూడు చూడనివాళ్లు మన పల్లెల్లో అరుదు. బావి మీదికి వంగిన ఈతచెట్టుకో, చెరువుగట్టు తుమ్మకో గుత్తులుగా వేలాడుతుంటాయి. జాషువా పద్యాలు కట్టిందీ ఈ పిట్ట మీదే. దాని పక్కన నిలబెట్టదగిన పనివంతురాలు పెరట్లోనే ఉంది: కుట్టుపిట్ట. పది గ్రాములు తూగితే ఎక్కువ. రెండూ గానపక్షులే అయినా కుటుంబాలు వేరు: గిజిగాడిది ప్లోసిడే, దీనిది సిస్టికోలిడే.

వానలు పడగానే మగ గిజిగాడు తాటాకు అంచును కొరికి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే ఊపుకే ఆకు బారుగా చీలి పోగవుతుంది. అలాంటి పోగులు వందలు కావాలి. గూడు టోపీ ఆకారానికి రాగానే పని ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడదాన్ని పిలుస్తుంది. ఆమె వచ్చి చూసి ఒప్పుకుంటేనే గుడ్ల అర, కిందికి దిగే గొట్టం పూర్తయ్యేది. 1930లో బొంబాయి దగ్గరి కిహీంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఇదంతా ఓపిగ్గా గమనించి రాశారు. రాలిన గూడొకటి చేతిలోకి తీసుకుని చూశాను. పోగు కొస వేలికి దొరకదు, లాగినకొద్దీ బిగుస్తుంది.

కుట్టుపిట్టల్లో గూడు కట్టేది ఆడది. అది ఆకును కోయదు, చెట్టునే ఉంచి కుడుతుంది. పెద్ద ఆకైతే రెండంచులూ దగ్గరకు తెస్తుంది, చిన్నవైతే రెండు మూడు కలుపుతుంది. ముక్కుతో అంచు వెంట సన్నని బెజ్జాలు పొడిచి, పత్తిపోగునో సాలెపట్టునో లోంచి లాగుతుంది. ముడి వేయదు. బయటికొచ్చిన కొస పీచులా విచ్చుకుని, జారకుండా అడ్డుకుంటుంది. బెజ్జం ఎంత చిన్నదంటే ఆకు అంచు ఎర్రబారదు. పైగా ఆకు పచ్చని పైమొహం బయటికే ఉంటుంది కాబట్టి పక్కనే నిలబడ్డా గూడని తెలియదు.

కుట్టుపిట్ట శాస్త్రనామంలోని సుటోరియస్ అన్న మాటకు అర్థం దర్జీ కాదు, చెప్పులు కుట్టేవాడికి సంబంధించినది. ఆ పేరే సరైనదనిపిస్తుంది నాకు. దర్జీ సూది దారాన్ని వెంట తీసుకుపోతుంది. ముందు ఆరెతో బెజ్జం చేసి, ఆనక దారం లాగేది చెప్పులు కుట్టే చెయ్యే.

గిజిగాడు చూపించుకోవడానికి అల్లుతుంది, ఇది దాచుకోవడానికి కుడుతుంది. నా మనసు దీనివైపే మొగ్గుతుంది. మా పెరటి వంగమొక్కలో గూడుందని పిల్లలు ఎగిరిపోయాక గానీ తెలియలేదు. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. అంచు వెంట తెల్లటి దూది చుక్కలు, వరసగా.