క్రిబేజి: విడువవలసిన రెండు ముక్కలు

పేకాట యనగానే మనవారికి స్ఫురించునది చాపమీద నలుగురైదుగురు గుండ్రముగా కూర్చుండి ఆడు రమ్మీయే గాని, ఇద్దరే ఎదురెదురుగా కూర్చుండి, నడుమ రంధ్రములు తొలిచిన పలక నొకదాని నుంచుకొని, పైకి లెక్క చెప్పుచు ఆడు క్రిబేజి యను ఆంగ్లేయుల ఆటను ఎరిగినవారు మనలో అరుదు. 17వ శతాబ్దపు కవి సర్ జాన్ సక్లింగ్ దీనిని కల్పించెనని జాన్ ఆబ్రీ వ్రాసియున్నాడు. డికెన్సు ‘ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ నవలలో, నేలమాళిగ వంటయింట మగ్గుచున్న పనిపిల్లకు డిక్ స్వివెలర్ నేర్పినదియు ఈ ఆటయే.

నియమములు సులభములు. 52 ముక్కలు కలిపి చెరి ఆరేసి పంచుకొన్న పిమ్మట, ఒక్కొక్కరు నాలుగు ఉంచుకొని రెండు బోర్లవేసి విడువవలెను. ఇట్లు విడిచిన నాలుగింటికి క్రిబ్ అని పేరు. అది పంచినవాని సొత్తు. పంచుట వంతులవారీగా సాగును. అటుపిమ్మట కట్ట కోసి తెరచిన ముక్క ఇరువురి చేతులకును, క్రిబ్బునకును ఐదవదిగా చెల్లును. మొత్తము పదిహేనగు ప్రతి కూర్పునకు రెండు, జతకు రెండు, మూడు ముక్కల వరుసకు మూడు గుర్తులు. బొమ్మముక్కలకు పదేసి, ఆసునకు ఒకటి విలువ. పలక రంధ్రములలో చెరి రెండు పుల్లలు గ్రుచ్చుచు ఈ లెక్క ఉంచుకొందురు. 121 గుర్తులు ముందు చేరినవాడు గెలుచును.

ఈ ఆటలోని విద్య యంతయు ఆ రెండు ముక్కలను విడుచుటలోనే యున్నదని నా దృఢవిశ్వాసము. రమ్మీలో పనికిరాని ముక్కను పారవేయుదుము. ఇచట ఏ ముక్కయు పనికిరానిది కాదు, అది ఎవని పాలికి పోవుచున్నదన్నదే ప్రశ్న. చేతిలో రెండు ఐదులు, పది, రాజు, ఏడు, ఎనిమిది వచ్చినవనుకొందము. మొదటి నాలుగింటి నుంచుకొన్నచో పదిహేనులు నాలుగు, జత యొకటి, వెరసి పది గుర్తులు. పంచినది మనమే యైనచో ఏడు, ఎనిమిదులను నిశ్చింతగా మన క్రిబ్బున వేయవచ్చును. పంచినవాడు ఎదుటివాడైనచో ఆ జంట వానికి అప్పుడే రెండు గుర్తులు కట్టబెట్టినట్లు. ఆరో తొమ్మిదో తోడైన వరుస కూడ కుదురును. అట్లని ఎనిమిదిని, రాజును విడిచినచో మన చేతిలో ఆరే మిగులును. సాధారణముగా చేతిలోని పదిని వదలుకొనరాదు. కాని ఎదుటివాడు గమ్యమునకు చేరువై, మనము వెనుకబడియున్నప్పుడు వాని క్రిబ్బును ఎండగట్టుటయే మేలు. లెక్కింపులో పంచనివాని చేయి ముందు, పంచినవాని చేయి తరువాత, క్రిబ్ చివర. కావున మనకు పదియే కొరతయైనచో క్రిబ్బులో ఏమి పడిన నేమి? అది లెక్కకు రాకమునుపే ఆట ముగియును.

ఐదును మాత్రము పరుల క్రిబ్బున వేయుట ఆత్మహత్యాసదృశము. కట్టలో 16 ముక్కల విలువ పదియే కదా!

లెక్కింపునకు ముందు ముక్కలను ఒక్కొక్కటిగా వేయుచు 31 దాటకుండ మొత్తము కట్టు ఘట్టమొకటి కలదు. అందు నాలుగునకు మించని ముక్కతో మొదలిడుట క్షేమము. ఎదుటివాడు ఏది వేసినను పదిహేను కాజాలదు.

ఒక చేతికి వచ్చు గరిష్ఠము 29. మూడు ఐదులు, జాకీ చేతనుండి, ఆ జాకీ రంగు ఐదే కోతలో తెరువబడవలెను. అట్టి అదృష్టము 2,16,580 చేతులలో ఒకదానికి. 1943లో అమెరికా జలాంతర్గామి వాహూలో నాయకుడు మోర్టన్ పంచగా అందలి అధికారి రిచర్డ్ ఓ కేన్‌కు అదే వచ్చినది. నావికులు దానిని శుభశకునముగా తలచిరి. ఓ కేన్ పేర వెలసిన పలక నేటికిని పసిఫిక్ నౌకాదళమున అన్నిటికన్న పాత జలాంతర్గామిలో నుండును. అది విరమించిన పిమ్మట తరువాతిదానికి చేరును. పందొమ్మిది మాత్రము ఏ చేతికిని రాదు. అందుచేత ఒక్క గుర్తును లేని చేతిని చూపుచు ఆటగాండ్రు ‘పందొమ్మిది’ అందురు.

నాకు ఈ ఆట నేర్పిన మిత్రుడు లెక్క పైకి చెప్పనిదే ఒప్పుకొనెడివాడు కాడు. ఒకనాడు నా చేత నాలుగు, ఐదు, రెండు ఆరులుండగా కోతలో మరియొక ఐదు తెరువబడెను. పదిహేను–రెండు, పదిహేను–నాలుగు, ఆరు, ఎనిమిది. నాలుగు వరుసలకు పండ్రెండు. ఇరువదియని సగర్వముగా నా పుల్లను జరిపితిని. ఆతడు మారుమాటాడక ఐదుల జతపై ఒక వ్రేలు, ఆరుల జతపై ఒక వ్రేలు ఉంచి, నేను విడిచిన నాలుగు గుర్తులను తనవిగా చేసికొని, వెనుకనున్న తన పుల్లను పెరికి ముందుపుల్లకు నాలుగు రంధ్రముల ఆవల గ్రుచ్చెను.