పొరుగింటి భక్తుడు

మా మనుమడు టెలివిజనులో బొమ్మల కథ చూచుచు, అందొక గృహస్థు భోజనమునకు ముందు కన్నులు మూసి ప్రార్థించుట కని పకపక నవ్వెను. ఆ వేళ మేము తిరుమణి దిద్దుకొనుచుంటిమి. ఆ నవ్వు మా నొసటికిని తగిలినట్లయినది. ఆ పాత్ర ఎట్టిదో తెలిసికొనవలెనని మేమును వాని ప్రక్కన కూర్చుంటిమి.

అది అమెరికాలో 1989లో మొదలైన 'సింప్సన్స్' అను హాస్యకథ. హోమర్ సింప్సన్‌కు పొరుగువాడు నెడ్ ఫ్లాండర్స్. బైబిలు పట్టనిదే ప్రొద్దుగడవని క్రైస్తవ భక్తుడు. హోమర్ అతని వస్తువులు ఎరువు తెచ్చి మరల ఈయడు. పైపెచ్చు ఎగతాళి చేయును. అయినను అతడు పలుకరించుట మానడు.

ఇంతకును నవ్వు భక్తిమీదనా, భక్తుని నడతమీదనా? 1995 నాటి కథలో హోమర్ బిడ్డలు అధికారుల ఆజ్ఞచే ఫ్లాండర్స్ ఇంట చేరుదురు. అతడు వారిని ఆదరించెను, అంతవరకు పూజ్యుడే. వారికి జ్ఞానస్నానము కాలేదని తెలిసి, కన్నవారి నడుగకయే నదికి గొనిపోయెను. అచ్చట నవ్వు న్యాయమే. పొరుగుబిడ్డల ఆకలి తీర్చుట వేరు, వారికి దీక్ష యిచ్చుట వేరు.

1996 నాటి కథలో తుపానుకు అతని ఇల్లు కూలును. ఊరివారు కట్టియిచ్చిన నాసి ఇల్లును కూలగా, ఆ సాధువు అందరిని తిట్టిపోయును. అతని శాంతము చిన్ననాటి చికిత్సచే అణగిన కోపమేనని రచయితలు తేల్చిరి. ఇది మాకు సమ్మతము గాదు. కోపము వచ్చియు, మరునాడు పొరుగువానిని పలుకరించువాడే శాంతుడు.

తరువాతి కథలలో అతని మంచితనము తగ్గించి మతావేశమునే పెంచిరి. ఒక్క గుణమునుబ్బించి తక్కిన మనిషిని చెరపు ఈ దోషమునకు ఇంగ్లీషు ప్రేక్షకులు అతని పేరే పెట్టిరి. మన పొరుగున నున్న శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని కథను 'ఆముక్తమాల్యద'లో చెప్పిన కృష్ణదేవరాయలు ఆ పొరపాటు చేయలేదు. ఆ భక్తుడు ఋతువున కొక తీరున అతిథులకు వడ్డించిన విస్తరిని కూడ మనకు చూపెను. తమిళుల నడుమ తరతరములుగా కాపురమున్న మనకు ఆ విస్తరి మరువరానిది.

మరునాడును మనుమడు నవ్వెను. పిదప, "తాతా, ఆయన సామాన్లు ఈయన ఎప్పుడు తిరిగిస్తాడు?" అని అడిగెను. మేము బదులు చెప్పలేదు. దీపావళినాడు తెచ్చిన పొరుగింటి నిచ్చెనను భుజాన వేసికొని వెళ్లి ఇచ్చి వచ్చితిమి.