పశ్చిమాఫ్రికా గృహిణుల పొదుపు నీతి

పొదుపు చేయవలెనను సంకల్పము ఎల్లరకును గలదు. సాయంకాలము చేతికి వచ్చిన సొమ్ము మరునాటి యుదయమువఱకు నిలుచుట మాత్రము దుర్లభము. ఏనాటి కానాటి వర్తకముపై జీవించు పశ్చిమాఫ్రికా కుటుంబములలో, బంధువునకు జబ్బు చేసినను, చుట్టపుటింట చావు సంభవించినను, ఇంట నున్న ధనమును లేదని చెప్పుట మర్యాద గాదు. కావుననే అచ్చటి స్త్రీలు ధనమును దాచుటకు దానిని ముందుగా తమ చేతికే అందకుండ జేయు నుపాయములను కల్పించుకొనిరి.

ఘనా దేశమున, అక్రా నగరపు మకోలా సంత వంటి చోట్ల, 'సుసు' అనబడు దినవారీ పొదుపు సొమ్మును గూర్చు వసూలుదారు ప్రతిదినము అంగడి వెంట నంగడి తిరిగి, వర్తకురాలు తానై యేర్పఱచుకొన్న మొత్తమును గైకొని, ఆమె కార్డులోని గడిలో గురుతు పెట్టును. దినమునకు 5 సెడీల (సెడీ ఘనా దేశపు ద్రవ్యము) చొప్పున 31 గళ్లు నిండించి 155 సెడీలు కట్టిన స్త్రీకి 150 సెడీలు తిరిగి ముట్టును. తక్కిన యొకదినపు సొమ్ము వసూలుదారుని ప్రతిఫలము. వడ్డీ రాకపోగా ఎదురు రుసుము చెల్లించుట లెక్కకు నష్టముగా దోచును గాని, ఇంట నుంచినచో నెలాఖరునకు సగమైనను మిగులదని యెఱిగిన యామెకు ఆ 5 సెడీలు భారము గావు.

నైజీరియాలోని యోరుబా జనుల ఎసుసు వేఱొక మార్గము; ఇందు కొందఱు కూడి సమానముగ సొమ్ము వేసి, వంతుల చొప్పున ఒక్కొక్కరు మొత్తమును పొందుదురు. 1921లో ప్రచురితమైన తన యోరుబా చరిత్రలో శామ్యూల్ జాన్సన్ దీనిని వర్ణించియున్నాడు. బానిసలుగా గొనిపోబడిన వారి వెంట సముద్రము దాటి, ట్రినిడాడ్ ద్వీపమున 'సుసు' అను పేర నిది నేటికిని నిలిచియున్నది. సెనెగల్ మొదలగు దేశములలో దీని వంటి దానిని తొంతీను అందురు. పండ్రెండుగురు స్త్రీలు నెలకు 10,000 ఫ్రాంకుల చొప్పున వేసినచో, ప్రతి నెల నొకతెకు 1,20,000 ఫ్రాంకులు చేకూరును. మన చీటీలలో వలె సాధారణముగా పాట యుండదు; ఎవరును తగ్గించుకొనక నిండు మొత్తమునే పొందుదురు. మొదటి వంతు వడ్డీ లేని యప్పు, చివరి వంతు శుద్ధమైన పొదుపు. కావున బిడ్డల బడి రుసుములకో, తొలకరి విత్తనములకో సరిపడు వంతును గోరుకొనుటయే గృహిణి నేర్పు.

నైజర్ దేశమున 1991లో కేర్ అను సహాయ సంస్థ ప్రోత్సాహమున వెలసిన స్త్రీల సంఘములు ఈ పద్ధతిని సంస్కరించి, సొమ్మును సభ్యులకే అప్పిచ్చి, వడ్డీతోగూడ గడువు చివర పంచుకొనసాగినవి. ఇట్టి సంఘముల పెట్టెకు మూడు తాళములుండును. తాళపుచెవులు ముగ్గురి యొద్ద నుండుటచే ఒక్కరి దురాశకు పెట్టె తెఱచుకొనదు.

అపాయములును లేకపోలేదు. వసూలుదారు పరారి కావచ్చును. తొలివంతు పుచ్చుకొన్న సభ్యురాలు ఆపై చెల్లింపు మానవచ్చును. ఘనాలో 2022 చివర వలె ధరల పెరుగుదల 50 శాతము దాటినపుడు కూడబెట్టిన సొమ్ము విలువ కరగిపోవును. కావున ఇల్లు నడుపుటకు భర్త యిచ్చు 'చాప్‌మనీ'ని, సరకు కొను మూలధనమును, పొదుపు సొమ్మును వేర్వేఱుగ నుంచి, బేరము మిక్కిలి మందగించిన దినమున సయితము కట్టగలిగినంతనే వాయిదాగా నిర్ణయింపవలెను. ధరలు పెరుగు కాలమున చేతికి వచ్చిన వంతును వెంటనే సరకుగ మార్చవలెను. ఈ జాగ్రత్తలు పాటించు కుటుంబమునకు బ్యాంకు దూరమైనను పొదుపు దూరము గాదు.