పాత క్రీడాపత్రికల సేకరణము: ఒక విమర్శ

తాళపత్రములకై ఊరూరు తిరిగిన పరిశోధకులు ఆటల పత్రికల కట్ట ఎదురైనచో దానిని చిత్తుకాగితముగనే చూచుచున్నారు. ఈ ఉపేక్ష వలన భాషాచరిత్రకు కలుగు నష్టము స్వల్పము కాదని మా తలంపు.

పెన్నాతీరమునందలి సంగములో ఒక గృహస్థుని అటకపై అట్టి కట్ట నొకదానిని మేము చూచితిమి. అందు అధికభాగము ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ సంచికలు. ఈ ఆంగ్ల వారపత్రిక మదరాసునుండి 1947లో వెలువడ నారంభించి 1968లో నిలిచిపోయినది. 1953 అక్టోబరు 1 వరకు నెల్లూరుజిల్లా మదరాసు రాష్ట్రములోనిదే. పిదపను ఈ సీమవారికి దగ్గరి మహానగరము అదియే. కావున పత్రిక ఇచ్చటికి చేరుటలో వింత లేదు. వింత యేమనగా, చిత్రములున్న పుటలు పెక్కింట కత్తెరజాడలే మిగిలినవి. పిల్లలు ఆటగాండ్ర బొమ్మలను కత్తిరించి గోడలకు అంటించుకొనిరట.

సేకర్తలు ఇట్టి ప్రతులను పనికిమాలినవని త్రోసివేయుదురు. మేము అట్లనజాలము. ఏ బొమ్మ పోయినదో తెలిసినచో ఆ యింట ఎవరిపై అభిమానముండెనో తెలియును. ఐతే రంధ్రము తనంతట తాను పేరు చెప్పదు. అదే సంచిక చెక్కుచెదరని ప్రతి ప్రక్కన ఉండవలెను. కనుక సేకర్త కోరు నిండుప్రతియు, వాడు పారవేయు తునుకయు రెండును మనకు కావలసినవే. గ్రంథాలయములు చేయు పొరపాటు వేరు: సంపుటములుగా కుట్టునపుడు పై అట్టలను, ప్రకటనలను తొలగించుట. ఇంగ్లండున 1864లో మొదలైన ‘విజ్డెన్’ వార్షికకు మూలపు కాగితపు అట్టతోడనే అధికమైన వెల పలుకుచున్నది. ఆ విషయమున వర్తకులకున్న వివేకము మనకు లేకపోయినది.

దూరదర్శనము లేని ఆ కాలపు ఆటకు ఈ పుటలే ప్రధానసాక్ష్యము. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా రోవర్స్ కప్పు గెలిచినది. సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో భారతజట్టు 1956లో మెల్బోర్నున నాల్గవస్థానమును, 1962లో జకార్తాలో స్వర్ణమును పొందినది. ఆ రెండు జట్లలోను సికిందరాబాదువాడైన తులసీదాసు బలరాము ఉండెను.

ఇంతకంటె మాకు ముఖ్యమైనది మరొకటి కలదు. నూరు పద్యముల కృతికి పేరైన ‘శతకము’ బ్యాటుపట్టినవాని నూరు పరుగులకు ఎప్పుడు సంక్రమించెను? వికెట్టు, ఓవరు వచ్చినట్లే వచ్చి నిలిచినవి, ‘రన్ను’ మాత్రము ‘పరుగు’గా మారినది, ‘సెంచరీ’ శతకముతో నేటికిని పోరాడుచున్నది. ఏబది పద్యముల కూర్పునకు ‘పంచాశిక’ యను ముచ్చటైన పేరుండగా ఆటల వ్రాతగాండ్రు దానిని తాకక ‘అర్ధశతకము’ను గ్రహించిరి. హిందీ పత్రికలలోను శతక్, అర్ధశతక్ అనియే వాడుక. మనవారు స్వయముగా చేసికొనిరా, అచ్చటినుండి తెచ్చుకొనిరా? తేదీగల తెలుగు దినపత్రికల ఆటల పుటలు వరుసగా దొరికిననే ఇది తేలును. కాని బొమ్మలు అందమైనవని ఆంగ్లవారపత్రికను దాచినవారు తెలుగు దినపత్రికను పొట్లములకు ఇచ్చివేసిరి. నాసిరకపు అచ్చుకాగితము, సముద్రపుగాలి తేమ, చెదలు మిగిలినదానిని ముగించుచున్నవి.

సంగములోని కట్టకు పైచుట్టుగా వాడిన కాగితమును విప్పగా అది తెలుగు దినపత్రికలోని ఆటల పుటయే యైనది. అందు ‘శతకము’ రెండుమారులు కలదు. తేదీయున్న పై అంచు చినిగిపోయినది. అందలి పరుగుల పట్టికను లోపలి ఆంగ్లసంచికలలోని పట్టికలతో పోల్చి, ఆ ఆట ఏ సంవత్సరముదో వెదకుచున్నాము.